చివరితోడు సంఘం

లియొనీలా ఇస్త్రీపెట్టెను ఒకసారి అరటాకు మీద గీసింది. ఆకు చుయ్యిమంది, పచ్చివాసన లేచింది. ఆకు మైనం అంటుకుని పెట్టె అడుగు నున్నబడింది. ఇక బట్ట మీద పెడితే చాలు, దానంతట అదే జారిపోతుంది. ఆ జారుడు చూసినప్పుడల్లా ఆమెకు సంతోషమే. పెట్టె మూత మీది ఇత్తడి కోడిపుంజును వేలితో నొక్కి బొగ్గులు సరిచూసుకుని, పూజాపాత్రలు తుడిచే తెల్లటి గుడ్డను మూడు మడతలు పెట్టి, మడత మడతకూ పెట్టె నడిపింది.

ఆమె పొట్టి మనిషి. చేతులు మాత్రం పొడుగు మనిషివి అరువు తెచ్చుకున్నట్టు వెడల్పుగా ఉంటాయి. ఎడమ మోచేతి కింద పాత కాలిన మచ్చ ఉంది. నెరిసిన జుట్టును తాబేటిచిప్ప దువ్వెనతో బిగించి, పూల గౌను మోకాళ్ల మధ్య దోపుకుని పనిచేస్తుంది. ఆ ఊరి గుడి బట్టలన్నీ ఏళ్ల తరబడి ఆ చేతుల మీదుగానే వెళ్లాయి.

పూజలో ద్రాక్షరసం పోసే గిన్నె తుడిచిన గుడ్డల్లో ప్రభువు రక్తం ఆనవాలు ఉంటుందని, మొదటిసారి జాడించిన నీళ్లు మురుగులో పోయకూడదు. లియొనీలా ఆ నీళ్లు పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో పోస్తుంది.

"అయిందా చెట్టుకి పొద్దుటి పూజ?" అన్నాడు క్రిసాంతో. అతను వెదురు మెట్ల మీద కూర్చుని, చల్దన్నంలో వేడి కాఫీ పోసుకుని తింటున్నాడు. "ఊళ్లో దీనంత పుణ్యాత్మురాలు లేదు. కాయమంటే మాత్రం నాలుగే కాస్తుంది."

"పుణ్యానికీ కాయలకీ ఏం సంబంధమయ్యా? తిను, ఆరిపోతోంది."

"సాయంత్రం ఏ గౌను వేసుకుంటావు?"

"నీలంది. ఉన్నదే అది కదా మంచిది."

"అది బాగుంటుంది నీకు," అన్నాడు అతను, అన్నంలోకి చూస్తూ.

క్రిసాంతో పడవల వడ్రంగి. ఇరవయ్యారేళ్ల కిందట, తుపానుకు విరిగిన ఈ ఇంటి మెట్లు బాగుచేయడానికి వచ్చాడు. మెట్లు బాగుచేసి, దిగడం మర్చిపోయాడని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. అప్పటికి లియొనీలా భర్త వెన్సెస్లావ్ దక్షిణాది దీవుల తోటల్లో పనికని వెళ్లి చాలా కాలమైంది. తిరిగి రాలేదు, కబురూ లేదు. చచ్చిపోయాడని చెప్పినవాళ్లూ లేరు. ఆ దేశంలో విడాకులు లేవు. గుడి లెక్కలో ఆమె ఇప్పటికీ వెన్సెస్లావ్ భార్యే. అందుకని క్రిసాంతోతో కాపురం పెట్టినప్పటినుంచి ఆమె పూజలో గురువు పంచే దివ్యసత్ప్రసాదం తీసుకోలేదు. ఆ ప్రసాదపు పాత్రలు తుడిచే గుడ్డలు ఉతుకుతుంది, అంతే.

గుడ్డలన్నీ బుట్టలో సర్ది, నీలం గౌను సంచిలో పెట్టుకుంది. క్రిసాంతో బుట్ట అందుకుని వీధి కంచె దాకా మోసుకొచ్చాడు. ఎప్పుడూ మోయడు.

"ఏంటివాళ?" అంది ఆమె.

"బిషప్ గారు వచ్చే రోజు. నేనూ కొంచెం భక్తి చూపించొద్దా?"

ఆమె నవ్వి బుట్ట నెత్తిన పెట్టుకుంది.

*

గుడి పక్కన, గురువులు పూజ వస్త్రాలు వేసుకునే గదిలో రొసెండా టీచరు అప్పటికే పూలతో కుస్తీ పడుతోంది. పంతులమ్మ ఉద్యోగం విరమించినా గొంతు మాత్రం విరమించలేదు.

"రావే నీలక్కా, రా. బిషప్ గారికి మిల్క్‌ఫిష్ వండుతున్నారట కాన్వెంట్లో. దానికున్నన్ని ముళ్లు ఇంకే చేపకీ ఉండవు. గొంతులో ఇరుక్కుందనుకో, మన సంఘానికి మొదటి మంచం ఆయనదే."

"ఛీ, అవేం మాటలే," అంది లియొనీలా. కానీ నవ్వాగలేదు.

సంఘం పేరు చివరితోడు. చనిపోయేవాళ్లెవరూ ఒంటరిగా పోకూడదన్నది దాని పని. వరద వచ్చిన ఏడు ఊరంతా బడిలో తలదాచుకుంది. జ్వరాలొచ్చి, నా అన్నవాళ్లు లేని ముసలివాళ్లు బెంచీల మీదే పోయారు. అప్పుడు లియొనీలా తడిగుడ్డతో వాళ్ల పెదాలు తడుపుతూ పక్కన కూర్చుంది. ఆమె లేచినప్పుడు రొసెండా కూర్చుంది. అప్పుడే ఈ ఊరి గుడికి గురువుగా వచ్చిన ఫాదర్ అన్సెల్మో కూడా వంతు వేసుకుని కూర్చున్నాడు. వరద తీసినా ఆ అలవాటు పోలేదు. పక్క ఊళ్ల నుంచి ఇద్దరు ముగ్గురు గురువులు కలిశారు, జాలరులు, నర్సులు, బజారువాళ్లు కలిశారు. గురువులూ గృహస్థులూ ఒకే నియమావళి కింద ఉండే సంఘంగా దాన్ని ఈ సాయంత్రం బిషప్ గారు స్థాపించబోతున్నారు.

నియమావళి బిషప్ గారి కార్యాలయం నుంచి రెండు మాటలు ఎక్కువ పడి తిరిగొచ్చింది. ఇకమీదట సంఘం తరఫున రోగి దగ్గరికి సభ్యులే వెళ్లాలి. సభ్యులు ప్రసాదం లాంటి దివ్యసంస్కారాలు తీసుకోవడానికి అర్హులై ఉండాలి. పక్క జిల్లాలో ఎవరో ప్రార్థనల పేరు చెప్పి చావింట చందాలు దండుకున్నారట, అందుకని ఈ జాగ్రత్త. న్యాయంగా చూస్తే తప్పుపట్టడానికేం లేదు. అందరిలోకీ లియొనీలా ఒక్కతే సంఘం బయట మిగిలింది.

ఫాదర్ అన్సెల్మో లోపలికొచ్చి, బుట్టలోంచి ఒక గుడ్డ తీసి చూసి, మళ్లీ జాగ్రత్తగా పెట్టాడు. సన్నటి మనిషి. మాట్లాడే ముందు కళ్లద్దాలు తుడుచుకోవడం అలవాటు.

"లియొనీలా, మళ్లీ అడుగుతున్నానని అనుకోకు. మీ ఇద్దరూ అన్నాచెల్లెళ్లలాగే ఉంటున్నారని నాకు తెలుసు. కానీ ఊరికి తెలియదు కదా. ఒకే ఇంటి కప్పు కింద లేకపోతే చాలన్నారు బిషప్ గారి కార్యాలయం వాళ్లు. క్రిసాంతో చెల్లెలు సలూద్ అవతలి దీవిలోనే ఉందిగా."

"ఉంది ఫాదర్. కూరలో ఉప్పు గుమ్మరిస్తుంది."

ఆయన నవ్వలేదు.

"నీకు ఇష్టం లేకపోతే చెప్పు. ఇక అడగను."

లియొనీలా ఖాళీ బుట్ట అంచు పట్టుకుని నిలబడింది.

"ఇష్టం లేదని అబద్ధమాడను ఫాదర్. కావాలని ఉంది. దేనికీ ఇంతగా ఆశపడలేదు నేను. కానీ ఆయన్ని పొమ్మని నా నోటితో మాత్రం అనలేను. చొక్కా ఎక్కడుందో వెతుక్కోవడం కూడా రాదు ఆయనకి."

"నియమం నేను రాయలేదు, లియొనీలా."

"తెలుసు ఫాదర్. మీరు రాసుంటే మీతో పోట్లాడేదాన్ని."

ఇప్పుడు ఆయన కొంచెం నవ్వాడు. రొసెండా మాత్రం పూలవైపు తిరిగిపోయింది.

*

మధ్యాహ్నమంతా ఆమె, ఊరంతా లోలా, అంటే అవ్వ, అని పిలిచే క్లెటా దగ్గర గడిపింది. క్లెటా మంచం పట్టి రెండు వానాకాలాలైంది. ఒళ్లంతా ఆరబెట్టిన చేపలా తేలికైపోయింది, కళ్లు మాత్రం ఇంకా సంతలో బేరమాడే కళ్లే. లియొనీలా ఆమెకు ఒళ్లు తుడిచి, వీపుకింద పక్క మార్చి, గంజి చెంచాతో పోసి, కిటికీ తలుపు ఓరగా పెట్టింది. ఎండ ఒక పలచని ముక్కగా దుప్పటి మీద పడింది. ఆ వెచ్చదనంలో ముసలమ్మ కాళ్లు పిల్లిలా చాపుకుంది. చూస్తూ లియొనీలాకు నవ్వొచ్చింది. ఒక మనిషికి ఎండ ఎక్కడ కావాలో తెలిసి అక్కడికి తెచ్చిపెట్టడంలో ఎంతో సుఖం ఉంది.

"ఇండాయ్," అంది క్లెటా. అరవై దాటినా ఆమెకు లియొనీలా చిన్నపిల్లే. "నా వంతు వచ్చినప్పుడు నువ్వే వస్తావా, ఆ టీచరమ్మ వస్తుందా?"

"ఎవరొస్తే ఏంటి లోలా? అందరూ మనవాళ్లే."

"ఆవిడ ప్రార్థన గట్టిగా చదువుతుంది. దేవుడికి చెవుడనుకుంటుందో ఏమో. నేను పోయేది నిద్రలో పోదామనుకుంటున్నాను. లేపేస్తుంది."

లియొనీలా నవ్వుతూనే ముసలమ్మ చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఈ సాయంత్రం దాటాక, సంఘం తరఫున ఈ గుమ్మం తొక్కే హక్కు తనకు లేదని ఆమెతో చెప్పలేకపోయింది.

"ఇక్కడే గౌను మార్చుకో," అంది క్లెటా. "ఆ పెట్టెలో పౌడరుంది, రాసుకో. బిషప్ గారు చూస్తారు."

"నన్నెందుకు చూస్తారు లోలా? నేను స్తంభం వెనక ఉంటాను."

"అయితే స్తంభమైనా చూస్తుంది. రాసుకో."

*

గుడి నిండిపోయింది. లియొనీలా వెనక, జ్ఞానస్నానపు తొట్టి పక్క స్తంభం దగ్గర నిలబడింది. గాయకుల పాట బాగుంది. ఆమె ఇస్త్రీ చేసిన బల్లగుడ్డ అంచు ఎక్కడా ముడత లేకుండా కిందికి దిగి ఉంది. అది చూసి రహస్యంగా మురిసిపోయింది. పెద్ద పళ్లెంలో చిన్న తెల్లగుడ్డలు దొంతరగా ఉన్నాయి, చనిపోయేవాళ్ల ముఖం తుడవడానికి. అవి కుట్టిందీ ఆమే. ఒక్కొక్క పేరూ పిలిచినప్పుడు ఆ మనిషి "ఇదిగో, ఉన్నాను" అని ముందుకు వెళ్లాలి. బిషప్ గారు గుడ్డ చేతిలో పెడతారు. అదే చేరిక.

ముందు గురువులు వెళ్లారు. తర్వాత రొసెండా. ఆమె "ఉన్నాను" అన్నప్పుడు పైకప్పులో పావురాలు లేచాయి. తర్వాత నర్సు, ఐసు ఫ్యాక్టరీ కాపలాదారు, రొట్టెల కొట్టు దంపతులు. ఫాదర్ అన్సెల్మో ఒక్కొక్క పేరే చదువుతున్నాడు. అందరివీ అయ్యాయనుకుంది ఆమె. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"లియొనీలా దుమాలాగన్."

ఆమె గుండె ముందు ఎగిరింది. పండగనాడు పిల్ల గుండె ఎగిరినట్టు, ఏ ఆలోచనా లేకుండా. ఆ తర్వాత అర్థమైంది. తన పేరు చదివారంటే దానర్థం ఒక్కటే. క్రిసాంతో ఎప్పుడూ కుడివైపు తలుపు దగ్గర, టోపీ పొట్టకు ఆనించుకుని నిలబడతాడు. అటు చూసింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. గాలి మాత్రం వస్తోంది.

గుడి అంతా ఎదురుచూస్తోంది. ఎవరో విసనకర్ర ఆపారు. రొసెండా వెనక్కి తిరిగి చూస్తోంది. ఫాదర్ అన్సెల్మో తలెత్తలేదు. పలక్కపోతే సరి. రేపు పొద్దున మొదటి పడవకు కబురు పంపితే ఆ మనిషి తిట్టుకుంటూ వచ్చేస్తాడు. అన్నంలో కాఫీ పోసుకుంటాడు. ఏమీ మారదు.

కానీ అతను ఈపాటికి సంచి భుజాన వేసుకుని, ఆ వయసులో పడవెక్కి, నీళ్లు దాటి వెళ్లిపోయి ఉంటాడు. అడిగితే తను ఒప్పుకోదని తెలిసే అడగలేదు. అతను జీవితంలో ఇచ్చినవాటిల్లో ఇంతకన్నా పెద్దది లేదు. దాన్ని నేల మీద పారేయడం ఆమెకు చేతకాలేదు.

"ఇదిగో," అంది. స్తంభం వెనకనుంచి ఇవతలికి వచ్చి, మళ్లీ అంది. "ఇదిగో, ఉన్నాను."

నడవ చాలా పొడుగనిపించింది. బిషప్ గారి చేతులు ముసలివి, వెచ్చగా ఉన్నాయి. గుడ్డ అందుకుని ఆమె తల వంచింది.

అంతా అయ్యాక ఫాదర్ అన్సెల్మో పక్క తలుపు దగ్గర ఆమెను ఆపాడు.

"నువ్వు బుట్ట ఇచ్చి వెళ్లాక వచ్చాడు. నీకు చెప్పొద్దన్నాడు."

"ఏమన్నాడు?"

"ఆదివారాలు అందరూ ప్రసాదానికి లేచినప్పుడు, నువ్వు మోకాళ్లు పక్కకు తిప్పుకుని వాళ్లకు దారిస్తావట కదా. అది చూసీ చూసీ అలిసిపోయానన్నాడు."

లియొనీలా బయట కొబ్బరిచెట్ల మీద దిగుతున్న ఎండవైపు చూసింది.

"టోపీ పెట్టుకున్నాడా ఫాదర్? పడవలో నీడుండదు."

"గమనించలేదు."

"పెట్టుకునే ఉంటాడు," అంది. తనకు తానే చెప్పుకున్నట్టు.

"రేపు పూజకు ముందు రా. నా దగ్గర పాపాలు చెప్పుకుని, ప్రసాదం తీసుకుందువుగాని."

"వస్తాను ఫాదర్."

*

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. పొయ్యి మీద అన్నం వండి మూతపెట్టి ఉంది. కొంచెం మాడింది. అతను వండితే ఎప్పుడూ మాడుతుంది. పనిముట్ల పెట్టె లేదు. మేకుకు వేలాడే రెండు చొక్కాలూ లేవు, వెతుక్కున్నాడన్నమాట. ఆమె గౌను మార్చుకోకుండానే గుమ్మంలో కూర్చుంది. అవతలి దీవి నల్లటి గీతలా కనిపిస్తోంది. అక్కడ ఒక దీపం వెలిగింది. సలూద్ ఇల్లు అదో కాదో ఇక్కణ్నుంచి తెలియదు.

లేచి లోపల కాలు పెడితే, ఇందాక గమనించనిదేదో మెత్తగా తగిలింది. గుమ్మం లోపల నేలంతా సన్నటి చెక్క పొట్టు, చుట్టలు చుట్టలుగా. ఊడ్చే వేళ దొరకలేదు కాబోలు. ఆమె తలుపు దగ్గరగా వేసి చూసింది. ఆ తలుపుకు ఏనాడూ గడియ లేదు, లోపల అతను ఉండగా అవసరం పడలేదు. ఇప్పుడు నడుము ఎత్తున, ఆమె చెయ్యి తేలిగ్గా అందేచోట, పడవలకు వాడే గట్టి కర్రతో చేసిన కొత్త గడియ ఉంది. వేళ్లకు గుచ్చుకోకుండా దాని మూలలన్నీ గుండ్రంగా చెక్కి ఉన్నాయి.