మద్దెల చప్పుడు

ఇంకాసేపు ఆగితే కనిపిస్తుందిలే, ఎండలోంచి వచ్చిన కళ్ళు కదా అనుకున్నాడు, ఖాళీ కంటైనర్‌లోకి దూరి తలుపులు మూయించుకున్నాక ఆమాత్రం పడుతుంది, రేకులో సూదిమొనంత చిల్లున్నా వెలుతురు చుక్క కనిపించాలి, కనిపిస్తే మరమ్మతుకి, లేకపోతే సరుకుకి, ఇరవై రెండేళ్ళుగా ఈ యార్డులో అతని పని ఇదే, దీంట్లోకి ఎక్కబోయేది పసిపిల్లల పాలపొడి, జాగ్రత్త అని పొద్దున ఆఫీసరు మరీ మరీ చెప్పాడు, పోయిన నెల పిండి తడిసి పాడైంది మరి, ఆ కంటైనర్ బాగుందని సంతకం పెట్టింది తనే, తర్వాత క్రేన్ తగిలి ఉంటుందిలే బావా, బెంగ పెట్టుకోకు అన్నాడు బావమరిది, మంచివాడు, బయట తలుపులు మూసేదీ తెరిచేదీ వాడే, చెయ్యి మాత్రం ఊరుకోదు, అదిగో, మొదలెట్టాడు, రేకు మీద టక్ టక్ మని.

ఆ మద్దెల ఆపరా అని రోజూ తిడతాడు, వాడు నవ్వి ఊరుకుంటాడు, చిన్నప్పట్నుంచీ వాడంతే అని భార్య తమ్ముణ్ణి వెనకేసుకొస్తుంది, చప్పుడు ఎడమ మూల నుంచి, మోకాలి ఎత్తులో, కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి, వెలుతురు లేదు, ఏమీ లేదు, చెయ్యి పెడితే తుప్పు గరుకుగా తగిలింది, దాని నడుమ వేలికొసకి సన్నగా గాలి, చిల్లే, బయట మిట్టమధ్యాహ్నం, చిల్లు వేలికి దొరికింది, కంటికి దొరకలేదు.

నిన్నటి చిల్లు కూడా టక్ టక్ అన్నచోటే, మొన్నటి రెండూ అంతే, పిండి కంటైనర్ చూసిన రోజు వాడు పన్ను పీకించుకోడానికి సెలవు పెట్టాడు, ఆ రోజు మద్దెల లేదు, ఓరి నీ, ఎన్నాళ్ళ నుంచిరా, సూదిలో దారం ఎక్కించమని భార్య ఈమధ్య తనని కాక పక్కింటావిడని అడుగుతోంది, అంటే భార్యకీ తెలుసన్నమాట, కళ్ళు పోయాయంటే ఆఫీసరు ఇంటికి పంపేస్తాడని అక్కాతమ్ముళ్ళు కలిసి దాచారు, ప్రేమే, కాదనడు, కానీ పైకప్పు సంగతేంటి, కింద నిలబడ్డవాడికి కప్పులో చిల్లు ఎలా తెలుస్తుంది, ఏ ఇంట్లోనో ఆ పాలపొడి కలిపే తల్లికి వీళ్ళ ప్రేమతో ఏం పని.

అయిందా బావా, తియ్యనా అంటున్నాడు వాడు, తియ్యి, తీసి నువ్వు లోపలికి రా, కప్పు దగ్గర్నుంచి చూడు, తలుపులు నేను మూస్తాను, ఆఫీసరుకి నేనే చెప్పుకుంటాను అన్నాడు, అనేశాక భయం వేసింది, రేపట్నుంచి ఏం చెయ్యాలో తెలియదు, గడియ కదిలింది, మీద పడిన ఎండలో వాడి ముఖం ఆనలేదు గానీ ముక్కు ఎగబీల్చడం వినిపించింది, తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి, ఇన్నాళ్ళూ ఈ చీకట్లో చూస్తున్నది తను కాదు, బయట ఎండలో నిలబడ్డ వాడే.