మెమరీ లేని ముక్కు

"వస్తుందా?"

మా ఇంట్లో పొద్దున పూట మొదటి మాట ఇదే. నాలుగున్నరకు నేను చపాతీ పిండి కలుపుతుంటే మా ఆయన యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి వస్తాడు. నా ముఖం మీదికి వంగి, నోరు తెరిచి 'హా' అని ఊదుతాడు. ఎవరైనా చూస్తే సరసం అనుకుంటారు. పెళ్లయిన కొత్తలో నేను కూడా అలాగే అనుకుని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. ఆయనకు కావలసింది నా ముఖం కాదు, ముక్కు. రాత్రి తాగిన బీరు వాసన పొద్దుటికి పోయిందో లేదో నేను చెప్పాలి. పోకపోతే పోగొట్టే పని కూడా నాదే. అల్లం టీ పెట్టాలి, లవంగాలు, యాలకులు, సోంపు ఒకదాని తర్వాత ఒకటి నమిలించి మళ్లీ ఊదమనాలి. పదిహేడేళ్లుగా ఇది నా డ్యూటీ. దీనికి వారానికి ఒక సెలవు కూడా లేదు.

మా ఆయన పేరు గణపతి. మస్కట్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్. ఆయన చేసే పని ఏమిటో చెబితే మీరు ముక్కున వేలేసుకుంటారు. పొద్దున ఆరింటికి సైట్ గేటు దగ్గర నిలబడి, లోపలికి వచ్చే కూలీల నోటి ముందు చిన్న మిషన్ పెట్టి "ఊదు" అంటాడు. ఎవరు తాగి వచ్చారో అది పట్టేస్తుంది. ఊదిన ప్రతి ఊపిరినీ తేదీతో, టైముతో దాచుకుంటుంది. చెరుపుదామన్నా చెరగదు. అందుకే ఆయన దాంట్లో ఊదడు. ఆయనకున్న భయమల్లా గేటు దగ్గర పక్కనే నిలబడే ఒమానీ మేనేజర్ ముక్కంటేనే. ఒక శుక్రవారం మా ఇంట్లో దోస్తులంతా బీరు సీసాలు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు నన్ను తెగ మెచ్చుకున్నాడు. "మిషన్‌ల ఊదితే రికార్డైతది భాయ్. మా కవిత ముక్కుకు మెమరీ లేదు. గదే దాని గొప్పతనం" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. వాళ్ల పళ్లాల్లో వేడివేడి చికెన్ వేపుడు వేస్తూ నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ నాకు తెలియదు.

నిజానికి నా ముక్కు ఏదీ మరిచిపోదు. మా పీజీ క్యాంపస్ మగపిల్లల హాస్టల్ ముందు నుంచి వెళుతుంటే వచ్చే పులిసిన వాసన కూడా దానికి గుర్తుంది. మేమిద్దరం ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో ఒకే క్లాసు. ఆ క్యాంపస్‌లో ఫ్రెషర్స్ పార్టీ అంటే బీరు, ఫేర్‌వెల్ అంటే బీరు, పరీక్ష పాసయితే ఒక బీరు, తప్పితే రెండు బీర్లు. ఆడపిల్ల ఆ మాట పలికితే మాత్రం క్యారెక్టర్ లెక్కలోకి వచ్చేది. మా ఫెర్మెంటేషన్ పేపరులో బీరు తయారీ చాలా పెద్ద చాప్టరు. బార్లీని మొలకెత్తించడం, ఉడికించడం, ఈస్టు కలిపి పులియబెట్టడం అన్నీ నాకు కంఠతా వచ్చు. కళ్లతో చూద్దామని బీరు ఫ్యాక్టరీ టూరు కోసం నెల రోజులు ఎదురు చూశాను. తీరా ఆ రోజు బస్సు ఎక్కాక మా సారు "ఆడపిల్లలను బీరు ఫ్యాక్టరీకి ఎట్ల తీస్కపోతమమ్మా" అని మమ్మల్ని మధ్యలో బిస్కెట్ ఫ్యాక్టరీ దగ్గర దింపేశారు. సాయంత్రం మగపిల్లలు సాంపిల్ అని చెప్పి కడుపు నిండా తాగి, పాటలు పాడుతూ తిరిగొచ్చారు. బస్సులో వాళ్లకు నిమ్మకాయలు పిండి ఇచ్చింది మేమే.

తర్వాత ఆ ఫ్యాక్టరీ గుమ్మం కూడా చూడని నేను తొమ్మిదిమంది మగపిల్లలకు టూరు రికార్డులు రాసిపెట్టాను. గణపతి రికార్డుకు క్లాసులో మొదటి మార్కు వచ్చింది. బిస్కెట్ల మీద రాసిన నా రికార్డుకు నాలుగు మార్కులు తక్కువ. ఆ మొదటి మార్కు గురించి ఆయన ఇప్పటికీ దోస్తులకు చెబుతాడు. ఎవరు రాశారో మాత్రం చెప్పడు. అప్పట్లో నేను ఆయన్ను గణపతీ అనే పిలిచేదాన్ని. పెళ్లయిన మూడో రోజే మా అత్తమ్మ దేవవ్వ ఆ పిలుపు మాన్పించింది. "మొగన్ని పేరు వెట్టి పిలుసుడేంది బిడ్డా, ఎవలన్న ఇంటె నవ్విపోతరు" అంది. అప్పటి నుంచి ఆయన నాకు 'ఏమయ్యా', 'ఇగో', 'ఇంటున్నవా' అయిపోయాడు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒకసారి ఫోన్ చేసి తాగుడు సంగతి చెప్పుకుని ఏడిస్తే, "మొగోడన్నంక తాగడా? ముక్కు మూసుకొని సంసారం జేస్కో" అంది. ముక్కు మూసుకునే భాగ్యం నాకెక్కడిది అత్తమ్మా, అది తెల్లారకముందే డ్యూటీ ఎక్కుతుంది కదా అనుకున్నాను. పైకి మాత్రం "సరే" అన్నాను.

పోయిన ఏడాది ఒకటి జరిగింది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఇస్రాయేలు అనే రాడ్ బెండింగ్ పనివాడు గేటు దగ్గర మిషన్‌కు దొరికాడు. ముందు రోజు సాయంత్రం వాళ్ల రూమ్‌లో ఎవరిదో పుట్టినరోజట. వారం తిరగకుండా అతన్ని కంపెనీ ఇంటికి పంపించేసింది. మా ఆయన అన్నం తింటూ ఆ ముచ్చట చెప్పి, "రూల్ అంటే రూలే. సేఫ్టీతోని ఆటలు గాదు" అన్నాడు. నాకు ముద్ద దిగలేదు. ఆ పొద్దున మా ఆయన నోటి నుంచి కూడా గుప్పుమని బీరు వాసన కొట్టింది. ఇస్రాయేలును "ఊదు" అన్న ఆ నోట్లో ఆరు లవంగాలు పెట్టి పంపింది నేనే. ఆ పాపంలో సగం నాదే అని నాకు అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండేళ్ల నుంచి నేను మస్కట్‌లోనే, అజైబాలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాస్ నాది, ఉద్యోగం మాత్రం హెల్పర్. గాజు సామాను కడగాలి, ప్రాక్టికల్‌కు కావలసినవన్నీ సిద్ధం చేసి పక్కకు తప్పుకోవాలి. నేను సిద్ధం చేసినదాన్ని ఇన్‌స్ట్రక్టర్ వచ్చి పిల్లలకు చూపిస్తాడు. "ఇంట్ల ఖాళీగ కూసునుడు కంటె నయమే కదా" అంటాడు మా ఆయన. ఖాళీగా కూర్చోవడం అంటే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని నాకూ ఉంది.

ఈ ఏడాది హైదరాబాద్ నుంచి జాహిదా మేడమ్ మా డిపార్ట్‌మెంట్‌కు హెడ్‌గా వచ్చారు. ఇక్కడి దుకాణాల్లో మత్తు లేని మాల్ట్ డ్రింకులు బాగా అమ్ముడుపోతాయి కదా, వాటి తయారీ మీద ఆరునెలల కోర్సు మొదలుపెట్టారు. బీరు చేసే పద్ధతే, చివర్లో మత్తు తీసేస్తారు. ఒక రోజు నేను ఫ్లాస్కులు సర్దుతూ ఒకదాని దగ్గర ఆగిపోయి, "ఇది పాడైతది మేడమ్, వెన్న వాసన పట్టింది" అన్నాను. ఆవిడ వచ్చి వాసన చూశారు. ఆవిడకు ఏమీ తెలియలేదు. మూడు రోజుల తర్వాత పరీక్షల్లో అదే తేలింది. మేడమ్ ఆ కాగితం పట్టుకుని గిన్నెలు కడిగే సింకు దగ్గరికే వచ్చేశారు.

"అరే కవితా, సచ్ బోలో, నీకెట్ల తెల్సింది?"

"వాసన చూసుడు నాకు అలవాటే మేడమ్."

"అలవాటా? యే తో హునర్ హై! లోకం మొత్తం దీన్ని విద్య అంటది." ఆవిడ నవ్వారు. "ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్ పోస్ట్ ఉంది, వాసన పరీక్ష పెడుతున్న. నువ్వు రాయాలె. నేను జిందగీల చుక్క ముట్టనిదాన్ని, నువ్వు కూడా అంతే. తాగెటోళ్ల నోరు నాకొద్దు, నీ ముక్కు కావాలె."

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన టీవీ నుంచి కళ్లు తిప్పకుండానే నవ్వాడు. "బీరు తాగినోళ్లం మేము. ఫ్యాక్టరీ చూసొచ్చినోన్ని నేను. నువ్వు పాఠం చెప్తవా?" అన్నాడు. నీ ఫ్యాక్టరీ నా చేతిరాతలో ఉంది అని నోటిదాకా వచ్చింది. అప్పటికి మింగేశాను.

పరీక్ష ఆదివారం పొద్దున తొమ్మిదికి. ముందు రోజు సాయంత్రం నుంచి మసాలా, కాఫీ, అత్తరు, సెంటు సబ్బు, సిగరెట్టు, మద్యం వాసన ఏదీ దగ్గరికి రానీయకూడదని కాగితం మీద రాసిచ్చారు. దాన్ని ఫ్రిజ్ మీద అంటించి, రాత్రికి పెరుగన్నమే అని చెప్పాను. మా ఆయన ఆ కాగితం చదివి, "సరే తియ్" అని దోస్తు ఇంటికి పోయి బాగానే తాగి వచ్చాడు. నేను వేరే గదిలో తలుపు వేసుకుని పడుకున్నాను.

తెల్లారి నాలుగు నలభైకి వచ్చి ఎప్పటిలాగే వంగాడు. నేను తడి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాను.

"ఇయ్యాల చూడను."

"ఏందే, ఒక్క సెకను పని. వస్తుందా లేదా చెప్పు చాలు."

"కాగితం చదివినవు కదా. నాకు పరీక్ష ఉంది."

"మేనేజర్ పట్టుకుంటె నా ఉద్యోగం పోతది. నీ పరీక్ష ఎక్కువనా?"

ఇస్రాయేలు ముచ్చట విన్నప్పుడు దిగని ముద్ద నా గొంతులో ఇంకా అలాగే ఉంది. "మిషన్ నీ సంచిలనే ఉంది కదా. అండ్ల ఊదు" అన్నాను.

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత ఫోన్ తీసి, కడుపునొప్పి అని ఆఫీసుకు చెప్పి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాకు జాలి కలగలేదు. కలగనందుకు ఆశ్చర్యం వేసింది. సాదా నీళ్లతో స్నానం చేసి, టాక్సీ ఎక్కి కాలేజీకి వెళ్లాను.

ఏడుగురం రాశాం. బర్కా ఊళ్లోని మాల్ట్ డ్రింకుల ఫ్యాక్టరీలో పదేళ్లు పనిచేసిన ఒక పెద్దమనిషి కూడా ఉన్నాడు. ఒక్కొక్కరి ముందు మూతలు పెట్టిన ఇరవై నాలుగు చిన్న గ్లాసులు. ఒక్కోదానిలో ఒక్కో దోషం కలిపామన్నారు, ఏమిటో చెప్పాలి. మొదటి మూత తీశాను, వెన్న. రెండోది ఉడికిన మొక్కజొన్న పొత్తు. తర్వాత కోడిగుడ్డు, పుల్లటి ఆపిల్, చెమట సాక్సులు. సాక్సుల దగ్గర నవ్వొచ్చింది, అవి నేను రోజూ ఉతికేవే కదా. పదకొండో గ్లాసు లవంగం. అది గుర్తుపట్టడానికి నాకు మూత తీయాల్సిన పని కూడా లేదు. ఒక్కో మూత తీస్తుంటే, పదిహేడేళ్లు ఎవరి నోటికో కాపలా కాసిన నా ముక్కు మొదటిసారి నాకోసం పని చేస్తోందనిపించి కళ్లు చెమర్చాయి. చివరి గ్లాసు ఎంతసేపు చూసినా శుభ్రంగానే ఉంది. పక్కవాళ్లు గబగబా ఏదో రాస్తున్నారు. నేను 'ఏ దోషమూ లేదు' అని రాసి ఇచ్చేశాను.

మధ్యాహ్నం జాహిదా మేడమ్ అందరి ముందూ చదివారు. ఇరవై నాలుగుకు ఇరవై మూడు నావి. తడిసిన అట్టపెట్టె వాసన ఒక్కటి తప్పాను. నా తర్వాతవాళ్లవి పదహారు. చివరి గ్లాసులో దోషం లేదని రాసింది నేనొక్కదాన్నే. ఆ బర్కా పెద్దమనిషి లేచి వచ్చి నా చేతిలో సీల్ విప్పని నీళ్ల సీసా పెట్టి, "మబ్రూక్, ఉస్తాదా" అన్నాడు. మబ్రూక్ అంటే అభినందనలు, ఉస్తాదా అంటే పంతులమ్మ.

ఇన్‌స్ట్రక్టర్ పోస్టు నాదేనని చెప్పి, మేడమ్ నాకు నీలం అట్ట రిజిస్టర్ ఒకటి ఇచ్చారు. "ఏ వాసన చూసినా ఇండ్ల రాయాలె. సాంపిల్ పేరు, తేదీ, టైము, కింద నీ సంతకం. రాయకుండ చూస్తే చూడనట్టే లెక్క" అన్నారు. దాన్ని కొత్త చీరలా గుండెకు ఆనించుకుని ఇంటికి తెచ్చాను. మా ఆయనకు ఫలితం చెబితే, "మంచిదే" అని మళ్లీ టీవీ వైపు తిరిగాడు. సాయంత్రం ఫ్రిజ్‌లోంచి రెండు సీసాలు తీసుకున్నాడు.

సోమవారం పొద్దున నాలుగు నలభై. నేను చపాతీ పిండి కలపలేదు. పొయ్యి మీద నా కాఫీ పెట్టుకుని, ఆ రోజు చెప్పబోయే మొదటి పాఠం చదువుకుంటున్నాను. మా ఆయన ఏమీ జరగనట్టే యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ వచ్చి, వంగి, గాలి పీల్చుకున్నాడు.

"వస్తుందా?"

నేను రిజిస్టర్ మొదటి పేజీ తెరిచి, పెన్ను మూత తీశాను.

"ఊదు గణపతీ" అన్నాను. "సాంపిల్ పేరు గణపతి. టైము నాలుగు నలభై. కింద నా సంతకం పెడ్త."

"ఏందే ఇది, మజాకా?"

"మజాకా కాదు. రాయకుండ వాసన చూసుడు ఇయ్యాల్టి నుంచి బంద్."

ఆయన రిజిస్టర్‌ను చూశాడు, పెన్నును చూశాడు, నన్ను చూశాడు. లోపలికి పీల్చుకున్న గాలిని ఏం చేయాలో తోచక, మెల్లగా నోరు మూసుకున్నాడు. బయట కంపెనీ బండి హారన్ కొడుతోంది. నేను కాఫీ వంచుకుని, కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని, తీరిగ్గా గాలి పీల్చాను. ఆ తర్వాత రిజిస్టర్‌లో మొదటి వరుస రాశాను.

కాఫీ. నాలుగు నలభై రెండు. ఏ దోషమూ లేదు. కవిత.