కోటేష్ కట్టిన ఫ్లెక్సీ

కోటేష్ మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కాసేపట్లో నేను వాణ్ణి తిట్టబోతున్నాను.

మంగళగిరిలో మా వీధికంతటికీ ఇంటర్నెట్ ఇచ్చేది వాడే. గాలివానకి వైరు తెగితే గొడుగైనా లేకుండా నిచ్చెన భుజాన వేసుకుని వచ్చి కట్టి వెళ్తాడు. కనెక్షన్ తీసుకున్న ప్రతి ఇంటికీ ఒక ఈమెయిల్ అడ్రసు ఉచితం. మాది 'మార్కండేయ చీరలు ఎట్ కోటేష్ నెట్'. మార్కండేయులు అంటే మా ఆయన. చీర అంచుల్లో కొత్త రకాలు పుట్టించడం ఆయన పని, వాటిని మగ్గం మీద నేయించి అమ్మించడం నా పని. ఆ అడ్రసు మా షాపు బోర్డు మీదా, చీరల పెట్టెల మీదా అచ్చేసి ఉంది.

చిక్కల్లా పాస్‌వర్డులతోనే వచ్చింది. అవి పెట్టింది కోటేషే. వీధిలో సగంమందికి మెయిల్ తెరవడం రాదు కాబట్టి వాడే తెరిచి, ప్రింటు తీసి, బిల్లుకి వచ్చినప్పుడు చేతిలో పెట్టి పోతాడు. మాకా అవసరం లేదు, మా కోడలు భానుశ్రీ చూసుకుంటుంది. అయినా అలవాటు కొద్దీ మావీ తెరుస్తాడు. చూసి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. వాడి నోట్లో నువ్వు గింజ నానదు.

పోయిన ఏడాది నా రక్తపరీక్ష రిపోర్టు ఆ మెయిల్‌కే వచ్చింది. నేనింకా చూసుకోనే లేదు, పక్కవీధి పెళ్ళి భోజనాల్లో నా విస్తరి దాకా వచ్చిన లడ్డూల పళ్ళెం టక్కున వెనక్కి తిరిగింది. "పున్నమ్మత్తకి షుగరంట, కోటేషన్న చెప్పాడు, వెయ్యమాకండి!" అని వడ్డించేవాళ్ళలో ఒకడు అరిచాడు. పందిరంతా నా వైపు జాలిగా చూసింది. ఆ లడ్డూని నేనింకా మర్చిపోలేదు.

ఆ రోజు నుంచే భానుశ్రీ పోరు మొదలైంది. "అత్తయ్యా, మనం వేరే మెయిల్ పెట్టుకుందాం. కోటేషన్న వైరుతో దానికి పని లేదు. రేపు కనెక్షన్ మార్చుకున్నా అడ్రసు మనతోనే ఉంటుంది. ఇదైతే కనెక్షన్ తీసేసిన రోజున అడ్రసు కూడా పోతుంది."

"పెట్టెలన్నీ మళ్ళీ అచ్చేయించాలా? కోటేష్ ఏమనుకుంటాడు? అయినా మన దగ్గర దాచుకునేవి ఏమున్నాయి?" అన్నారు మా ఆయన. మగవాళ్ళకి లడ్డూ బాధ తెలియదు.

నేను మాత్రం అడగాల్సింది అడిగాను. "అమ్మాయ్, ఆ కొత్త కంపెనీ వాళ్ళు మాత్రం చూడరా?"

"కొన్ని చూస్తాయత్తయ్యా. ఊరికే ఇచ్చేవాటిల్లో మన వివరాలు పోగేసి ప్రకటనలు చూపించేవీ ఉన్నాయి. నెలకింత అని కడితే, తాళం వేసి, తమకే కనపడకుండా ఉంచుతామనేవాళ్ళూ ఉన్నారు. చదివి చూసుకుని పెట్టుకోవాలి."

"ఎక్కడో ఉన్నవాడు చూస్తే చూశాడు. వాడు పెళ్ళి పందిట్లోకి వచ్చి చెప్పడుగా!" అన్నాను. అందరం నవ్వుకున్నాం, ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది.

ఇంతలో మా ఇంటికి అదృష్టం పట్టింది. మా ఆయన నెలల తరబడి కూర్చుని మిరపకాయల అంచు ఒకటి గీశారు. ఎర్రటి కాయలు, పచ్చటి తొడిమలు, మధ్యలో సన్నటి జరీ. మిర్చి యార్డులో ఆరబోసిన కాయల్ని చూసినంత కళగా ఉంది. బెంగుళూరులో పెద్ద చీరల దుకాణం నడిపే అన్విత గారికి నచ్చి ఏడాది పొడవునా ఆర్డరు ఇస్తామన్నారు. షరతు ఒకటే. దసరాకి వాళ్ళ దుకాణంలో చీర వేలాడేదాకా ఆ అంచు బయట ఎవరి కంటా పడకూడదు. పడితే ఆర్డరు రద్దు. మా మగ్గాల మీద నేసేవాళ్ళందరికీ ఏడాది పాటు చేతినిండా పని. ఇంతకన్నా ఏం కావాలి? మా అబ్బాయి సురేంద్ర ఆఖరి బొమ్మని ఆమెకి మెయిల్ చేశాడు. ఏ మెయిల్ నుంచో నేను వేరే చెప్పాలా?

వారం తిరక్కుండా అన్విత గారు మగ్గాలు చూడ్డానికి బయల్దేరారు. ఆ పొద్దున నేను పూలకని పాత బస్టాండు సెంటరుకి వెళ్ళాను. తలెత్తి చూసేసరికి గుండె జారిపోయింది.

ఇంటి కప్పంత ఫ్లెక్సీ. మధ్యలో మా ఆయన దండం పెడుతూ. 'మన మార్కండేయులు బావ కొత్త అంచుకు బెంగుళూరు ఆర్డరు! శుభాకాంక్షలతో కోటేష్ నెట్ మిత్రబృందం'. ఒక మూల నల్ల కళ్ళద్దాలతో కోటేష్. వెనకాల ఆ చివర నుంచి ఈ చివర దాకా మా మిరపకాయల అంచు, తొడిమలతో సహా! ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా?

కింద నిచ్చెన పట్టుకుని కోటేష్ మెరిసిపోతున్నాడు. "అక్కా! ఎట్టా ఉంది? నా సొంత డబ్బులే! బావ మీద ప్రేమ!"

చెంప పగలగొడదామనుకున్నాను. కానీ ఆ మొహంలో ఆనందం చూస్తే చెయ్యి లేవలేదు. "ఒరేయ్, ఈ బొమ్మ ఎవరూ చూడకూడదురా. చూస్తే ఆర్డరు పోతుంది. ఆవిడ ఇంకాసేపట్లో ఈ దారినే వస్తోంది!" అన్నాను గొంతు తగ్గించి.

వాడి మొహం పాలిపోయింది. "అయ్యయ్యో! ఇప్పుడే విప్పేస్తానక్కా!"

"ఆగు!" అన్నాను. మా ఊళ్ళో ఫ్లెక్సీ కడితే ఎవరూ తలెత్తి చూడరు. ఎవరు పుట్టినా, ఎవరు గెలిచినా ఒకటి వేలాడుతూనే ఉంటుంది. కట్టినదాన్ని విప్పితే మాత్రం ఎందుకు విప్పారు, ఎవరితో గొడవ, అని సెంటరంతా పోగవుతుంది. ఫోటోలు తీసి ఊరంతా పంపుతారు. ఏం చెయ్యాలా అని ఒక్క నిమిషం ఆ కళ్ళద్దాల మొహాన్నే చూశాను. ఆ మొహం వెనకాల రెండు మిరపకాయలు పూర్తిగా దాగిపోయాయి.

"కోటేషూ, ఇందులో నా ఫోటో ఏదిరా? మన వీధివాళ్ళ ఫోటోలు ఏవి? అంచు పొడవునా అందరి మొహాలూ అంటించెయ్!" అన్నాను.

వాడికి వెంటనే వెలిగింది. ఫ్లెక్సీలో మొహాలు చేర్చడాన్ని ఈ దేశంలో ఎవరూ తప్పు పట్టరు. "ఫోటోలకేం కొదవక్కా? కనెక్షన్లకి ఇచ్చిన ఆధార్ కార్డులన్నీ నా ఫోన్లోనే ఉన్నాయి!" అంటూ ఫ్లెక్సీ షాపుకి పరిగెత్తాడు. ఆ మాటకి నా ఒళ్ళు మండింది, ప్రాణం లేచొచ్చింది కూడా. రెండూ ఒకేసారి జరగడం నాకదే మొదలు.

స్టిక్కర్లు వేడివేడిగా వచ్చాయి. కోటేష్ నిచ్చెనెక్కి ఒక్కొక్క కాయ మీదా ఒక్కొక్క మొహం అంటించాడు. కింద నుంచి నేను, "ఆ చివర తొడిమ కనపడుతోంది, పిచ్చయ్య మావయ్యని ఇంకాస్త జరుపు!" అని అరుస్తున్నాను. ఆధార్ ఫోటోల సంగతి తెలిసిందేగా. అందరం పోలీసులు పట్టుకొచ్చిన దొంగల్లా ఉన్నాం. నేనైతే ముఠా నాయకురాల్లా ఉన్నాను.

ఆఖరి మొహం అంటుకునేసరికి కారు వచ్చి ఆగింది. అన్విత గారు దిగి ఫ్లెక్సీ వంక చాలాసేపు చూశారు. ఎక్కడైనా తొడిమ కనపడుతోందేమోనని నేను వెతుకుతున్నాను.

"వీళ్ళంతా ఎవరండీ?" అన్నారు.

"మా వీధివాళ్ళండీ. మీ ఆర్డరు వచ్చిందని సంతోషం."

"సంతోషమా?" అని ఆ మొహాల వైపు ఇంకోసారి చూసి, పకపకా నవ్వి కారెక్కారు. ఆర్డరు నిలబడింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ వాదించలేదు. "అమ్మాయ్, ఆ తాళం వేసే మెయిల్ పెట్టు. పెట్టెల మీద స్టిక్కర్లు అంటిద్దాం, అది కూడా ఇవాళే నేర్చుకున్నాంగా," అన్నారు మా ఆయన. పాస్‌వర్డు నేనూ భానుశ్రీ కలిసి పెట్టాం. పాత అడ్రసుకి రాసేవాళ్ళందరికీ కొత్తది చెప్పాం. ఇంటర్నెట్ వైరు మాత్రం కోటేష్‌దే ఉంచాం. వానలో నిచ్చెనెక్కేవాణ్ణి ఎలా వదులుకుంటాం?

ఆ సంగతి వాడికి నేనే చెప్పాను. వాడి కళ్ళు చెమ్మగిల్లాయి. "నేనేవన్నా దొంగనా అక్కా?"

"దొంగవైతే ఇంత తంటా ఉండేదే కాదురా. దొంగ చూసింది గుట్టుగా దాచుకుంటాడు. నువ్వు మనసున్నవాడివి, అందుకే భయం," అన్నాను. వాడు ముక్కు చీదుతూ నవ్వాడు. వాడికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను.

దసరా వెళ్ళింది. మిరప అంచు చీరలు బెంగుళూరులో వేలాడాయి. మొన్న బిల్లుకి వచ్చిన కోటేష్ గడపలో నిలబడి దిగులుగా అడిగాడు. "ఏంటక్కా విశేషాలు? మీ ఇంటి సంగతులు ఏవీ తెలియట్లేదు."

మా కొండ మీద పానకాల స్వామి ఎవరెంత పానకం పోసినా సగం తాగి సగం తిరిగి ఇచ్చేస్తాడు. నేనూ అదే లెక్కన, "బెంగుళూరు వాళ్ళు ఇంకో ఏడాదికి అడిగారురా," అని సగం చెప్పాను. వాడు ఎగిరి గంతేశాడు.

వంటింటి తలుపు దగ్గర భానుశ్రీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పొద్దున కొత్త మెయిల్‌కి వచ్చిన ఆసుపత్రి రిపోర్టు చూసి మేమిద్దరం ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చేశాం, సంతోషంతో. నేను నానమ్మని కాబోతున్నాను. పందిట్లో కాదు, వీధిలో కాదు, నా ఇంట్లో నా కోడలి నోటి వెంట విన్నాను. ఆ సగం మూడో నెల నిండేదాకా మాదే.

ఆ తర్వాత కోటేష్‌కి నేనే చెబుతాను. కావాలంటే కొండంత ఫ్లెక్సీ కట్టుకోమంటాను. ఈసారి నా ఫోటో మాత్రం నేనే ఇస్తాను.