ముక్కు చెప్పిన దారి

నాలుగు వీధులు కలిసే చోట ఆగి, తల కొంచెం పైకెత్తి, కళ్లు మూసుకుని గాలి పీల్చాను. బామ్మర్ది రెండడుగులు వెనక నిలబడ్డాడు. కొత్త ఊళ్లో నేనీ పని చేసేటప్పుడు వాడు నోరెత్తడు. పదకొండేళ్లుగా ఇంతే.

"ఎడమవైపు," అన్నాను. "బార్లీ ఉడుకుతోంది. కాస్త దూరమే, కానీ ఉడుకుతోంది."

"నీది మనిషి ముక్కు కాదు బావా," అన్నాడు వాడు. "పద."

ఎడమవైపు అని నాకు ముక్కు చెప్పలేదు. పొద్దున లాడ్జి స్నానాలగదిలో కుళాయి తిప్పి పెట్టి, ఆ చప్పుడు మాటున ఫోన్‌లో ఊరి పటం తెరిచి చూసుకున్నాను. నడిచి వెళ్లగలిగిన దూరంలో మూడు బ్రూపబ్‌లున్నాయి. వాటి దారులు ఎక్కాల్లా బట్టీపట్టి, ఫోన్ జేబులో వేసుకుని, తలకు నీళ్లు చల్లుకుని బయటికొచ్చాను.

బ్రూపబ్ అంటే బీరు ఎక్కడినుంచో తెప్పించకుండా వెనక గదిలోనే కాచి, ముందు గదిలో పోసే చిన్న పబ్బు. మాదీ అలాంటిదే. నేను కాస్తాను, వాడు పోస్తాడు. గిరాకీ తగ్గే రోజుల్లో ఏడాదికోసారి ఇద్దరం ఏదో ఒక ఊరు వెళ్లి, అక్కడి వాళ్లు ఎలా కాస్తున్నారో చూసి వస్తాం. మాకు రెండే షరతులు. తాగేవాడు బండెక్కకూడదు, కాచేవాడు దారి అడక్కూడదు. బీరు కాచేటప్పుడు బార్లీ ఉడికే వాసన నాలుగైదు వీధుల దూరం పోతుంది. మామూలు జనానికి అది తెలియదు, నాకు తెలిసేది. ఏ ఊళ్లోనైనా ఆ వాసన పట్టుకుని పోతే సరిగ్గా పబ్బు గుమ్మం ముందు తేలేవాళ్లం. బామ్మర్ది ఆ సంగతి మా కౌంటరు దగ్గర వచ్చేపోయే ప్రతివాడికీ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఒక వీధి పెంచేవాడు.

ఐదు నెలల కిందట నాకు జ్వరం వచ్చింది. వారం రోజులుండి పోయింది. పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. మొదట జలుబనుకున్నాను. తర్వాత కాదని తెలిసింది. అన్నం నోట్లో మట్టిలా తిరిగేది. మా పిల్లదాన్ని ఎత్తుకుంటే బరువు తెలిసేది, అంతే. మా ఆవిడ వంటింట్లో ఏదో మాడ్చి అయ్యో అని పరిగెత్తితే, ఆవిడ పరిగెత్తడం చూసి నేనూ పరిగెత్తేవాణ్ని. ఎవరికీ చెప్పలేదు. బాధపడాల్సింది, పడలేదు. నిమ్మకు నీరెత్తినట్టు రోజులు గడిపాను. బాధ కూడా ముక్కులోంచే లోపలికి వస్తుందేమో, నాకైతే రాలేదు.

పని మాత్రం ఆపలేదు. పంతొమ్మిదేళ్ల అనుభవం చేతుల్లో ఉంది, గోడ మీద గడియారం ఉంది, ట్యాంకుకి ఉష్ణమాపకం ఉంది. లేనిదల్లా చివర్లో మొదటి గ్లాసు వాసన చూసి, బాగుందో చెడిందో చెప్పే ముక్కే. దానికి బామ్మర్ది మొహం వాడుకున్నాను. బీరు బాగుంటే వాడి ఎడమ కనుబొమ పైకి లేస్తుంది. బాగోకపోతే చెవి వెనక గోక్కుంటాడు. మొదటి గ్లాసు వాడికిచ్చి, నేను తీరిగ్గా ఆలోచిస్తున్నట్టు నటిస్తూ వాడి మొహం చూసేవాణ్ని. మొదటి నెల రెండుసార్లు చెవి గోక్కున్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ కనుబొమే. ముక్కు లేకపోయినా పనితనం ఎక్కడికీ పోలేదని ధైర్యం వచ్చింది.

అయినా లోపల ఒక లెక్క పెట్టుకుని బయల్దేరాను. ఈ ఊళ్లో ఒక్క గ్లాసు దగ్గరైనా, ఇంత పిసరైనా, ముక్కుకి ఏదన్నా తగిలితే సరే. తగలకపోతే ఇంటికెళ్లాక కాచే పని మానేస్తాను. మానేసి ఏం చేస్తానో ఆలోచించలేదు. ఈ పని తప్ప నాకు మరొకటి రాదు.

మొదటి పబ్బు మెట్లు దిగి వెళ్లే చోటు. ఆరు బల్లలు, ఇటుక గోడ, గోడకి ఆనించి ధాన్యం బస్తాలు. పోసే అతను మాటల మనిషి కాదు. నల్లటి బీరు ఒకటి, లేత రంగుది ఒకటి తెచ్చి పెట్టాడు. నల్లదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంచాను. చల్లదనం తగిలింది. నురగ మూతికి అంటింది. అంతకుమించి ఏమీ లేదు. నాలుక మీద చేదు మాత్రం తెలిసింది, మాత్ర మింగినప్పుడు తెలిసినట్టు.

"మాడు వాసన కొంచెం ఎక్కువ పెట్టాడు కదూ?" అన్నాడు బామ్మర్ది.

"కొంచెం," అన్నాను.

"నాకు బానే ఉంది."

"నాకూ బానే ఉంది," అన్నాను. వాడు నా వంక చూసి గ్లాసులోకి చూసుకున్నాడు.

రెండోది వెతకడానికి మళ్లీ కూడలిలో తల ఎత్తాను. కుడి, తర్వాత ఎడమ, తర్వాత మందుల షాపు పక్కసందు. "ఇప్పుడు గట్టిగా వస్తోంది," అన్నాను సందు మొదట్లో. ఆ మాట అనకుండా ఉండాల్సింది. సందు చివర ఉన్నది దర్జీ కొట్టు. అద్దాల వెనక మూడు కుట్టుమిషన్లు, తాడుకి వేలాడుతున్న ప్యాంట్లు. పైన పాత బోర్డు ఊడదీసిన మేకులు ఇంకా ఉన్నాయి. లోపలి దర్జీ మెడలో టేపుతో బయటికొచ్చాడు.

"ఇక్కడ పబ్బుండాలే?" అన్నాడు బామ్మర్ది.

"ఉండేది. ఎత్తేసి ఏడాది దాటింది," అన్నాడు దర్జీ. "ఇంకా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, ఫోన్లో చూసుకుని."

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఇప్పుడు అడుగుతాడు, ఏం వాసన పట్టావు బావా, కుట్టుమిషన్ నూనెదా అని వారం రోజులు ఏడిపిస్తాడు అనుకున్నాను. ఏడిపిస్తే బాగుండేది.

"గాలి మళ్లిందేమోలే," అన్నాడు బామ్మర్ది, నా మొహం వైపు చూడకుండా. "పద, మూడోది చూద్దాం."

మూడోది ఉందని నేను వాడితో అనలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

మూడో పబ్బు ఒకప్పటి బట్టల ఇస్త్రీ కొట్టు. గోడల్లో ఆవిరి గొట్టాలు అలాగే వదిలేశారు. మధ్యాహ్నం మూడైనా నాలుగు బల్లల దగ్గర జనం ఉన్నారు. యజమానురాలికి యాభై ఉంటాయి. కాచేదీ ఆవిడే, పోసేదీ ఆవిడే. చేతిలో రుమాలు, ముక్కు ఎర్రగా కందిపోయింది. మాదీ ఇదే పని అని బామ్మర్ది చెప్పగానే కౌంటరు వదిలి వచ్చింది.

"కాచేది మీరా అన్నగారూ?" అంది నన్ను.

"నేనే. పంతొమ్మిదేళ్లు."

"ఈయన ముక్కు గురించి మీరు వినాలి," అని మొదలుపెట్టి, బామ్మర్ది ఎందుకో ఆపేశాడు. వాడి ఫోన్ మోగింది. మా ఆవిడ. "అక్కా, ఆ, బానే ఉన్నాం," అంటూ వీధిలోకి వెళ్లాడు.

"దేవుడు పంపినట్టొచ్చారు," అంది ఆవిడ. "నాలుగు రోజుల్నించి జలుబు. ఒక్క వాసన తెలిస్తే ఒట్టు. కింద ట్యాంకు తయారైంది, కుళాయికి తగిలించాలో పారబొయ్యాలో తెలీక కూర్చున్నాను. ఒక్కసారి చూసి చెప్తారా?"

అంత సులువుగా చెప్పేసింది. నాకు వాసన తెలియడం లేదు, మీరు చూడండి అని. ఐదు నెలలుగా నేను దాచుకున్న మాట ఆవిడ ముక్కు తుడుచుకుంటూ చెప్పేసింది. అప్పుడే నేనూ చెప్పేయాల్సింది. ఇద్దరం నవ్వుకునేవాళ్లం కూడా.

ఆవిడ వెంట మెట్లు దిగాను. ట్యాంకు అడుగు కుళాయి తిప్పి సగం గ్లాసు పట్టి ఇచ్చింది. మా పనిలో ఒకరి ట్యాంకు దగ్గర ఇంకొకరు అబద్ధమాడరు. ఎంత పోటీ ఉన్నవాళ్లయినా ఆ ఒక్క చోట నిజమే చెప్తారు, రేపు తమకూ అవసరం పడుతుంది కాబట్టి. గ్లాసు దీపానికి ఎత్తి చూశాను. రంగు తేటగా ఉంది. ముక్కు దగ్గర పెట్టాను. ఏమీ లేదు. ఒక గుక్క తాగాను. చల్లగా, కొంచెం పులుపుగా ఉంది. పుల్లటి రకాలు కాచేవాళ్లూ ఉంటారు కదా. చూసి చెప్పడానికి బామ్మర్ది మొహం అక్కడ లేదు. ఆవిడ మొహమే ఉంది, ఆశగా.

"బాగుంది," అన్నాను. "తగిలించండి."

"బతికించారు," అంది.

పైకి వచ్చాం. ఆవిడ గొట్టం మార్చి మొదటి గ్లాసులు నిలబడి ఉన్న ఇద్దరికి పోసింది, మూడోది ఫోన్ ముగించి వచ్చిన బామ్మర్దికి, తర్వాత బల్లల దగ్గరివాళ్లకి. వాడు గుక్క తాగాడు. ఎడమ కనుబొమ పైకి లేచింది. నా భుజాలు దిగాయి. గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు పక్క బల్ల దగ్గర పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "ఏంటమ్మా ఇది, పాచి గుడ్డ కంపు కొడుతోంది," అన్నాడు. అతని వెంట వచ్చినామె వాసన చూసి మొహం పక్కకి తిప్పుకుంది. మరొకతను గ్లాసు తీసుకెళ్లి కౌంటరు మీద పెట్టేశాడు.

నేను బామ్మర్ది వైపు చూశాను. వాడి గ్లాసు ఖాళీ. చుక్క మిగల్చకుండా తాగాడు. కనుబొమ ఇంకా పైనే ఉంది, దించడం మర్చిపోయినట్టు.

"ఎప్పట్నించి తెలుసు?" అన్నాను.

"ఏంటి బావా?"

"ఎప్పట్నించిరా?"

కనుబొమ దించాడు. "నీ బల్ల కింద ఎలక చచ్చి మూడు రోజులుంది, గుర్తుందా? మేమంతా ముక్కులు మూసుకుని తిరుగుతుంటే, నువ్వు అక్కడే కూర్చుని టీ తాగావు."

అది రెండో నెల. అంటే ఆ తర్వాత నేను చూసిన కనుబొమలన్నీ నా కోసం లేచినవే.

"మరి మన బీరు?"

"కొన్ని బానే వచ్చాయి."

"రానివి?"

వాడు బల్ల మీది తడిని వేలితో గీస్తూ కూర్చున్నాడు. "తెల్లారి నువ్వు రాకముందు పారబోశాను. పక్క ఊళ్లో కాచే ఆయన దగ్గర బీరు పీపాలు తెచ్చి కుళాయికి తగిలించాను."

మొన్న మా కౌంటరు దగ్గర ముగ్గురు నా చెయ్యి పట్టుకుని ఊపి మెచ్చుకున్నారు. ఈ మధ్య చెయ్యి తిరిగింది మాస్టారూ అన్నారు. ఆ ముగ్గురూ తాగింది ఎవరి బీరో అడగాలనిపించలేదు.

"మీ అక్కకి?"

"చెప్పొద్దంది అక్కే. ఆయనే చెప్తాడు, చెప్పేదాకా మనం అనకూడదంది. కాచే గదిలో ఉన్నప్పుడే కాస్త మనిషిలా ఉంటున్నావని."

బామ్మర్ది బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అంటారు. బతకగోరేవాడు ఇంత పని చేస్తాడని ఎవరూ చెప్పలేదు. కోపం రావాలి నాకు. ముక్కు మీద కోపమని మా ఇంట్లో నాకు పేరు. ఆ పూట ముక్కులాగే కోపమూ పనిచెయ్యలేదు.

కౌంటరు దగ్గర ఆవిడ చెడ్డ గ్లాసులు వెనక్కి తీసుకుంటూ అందరికీ క్షమించమని చెప్తోంది. మధ్యలో తల తిప్పి నా వైపు చూసింది. నింద కాదు, అర్థం కాక చూసింది. బామ్మర్ది లేవబోయాడు. "నేను చెప్తా బావా, పొరపాటైందని."

"నువ్వు ఇప్పటిదాకా చెప్పింది చాలు," అని నేనే వెళ్లాను.

"అమ్మా," అన్నాను. "నాకు వాసన తెలీదు. ఐదు నెలలైంది."

ఆవిడ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "మరి కింద అడిగినప్పుడు..."

"సిగ్గేసింది. భయమేసింది. అంతే, ఇంకో కారణం లేదు."

ఆవిడ తిట్టలేదు. తిడితే పడేవాణ్ని. "రండి, పట్టండి," అని కిందికి తీసుకెళ్లింది. బామ్మర్దీ వచ్చాడు. అడుగు కుళాయి పూర్తిగా తిప్పాం. ట్యాంకెడు బీరు కాలవ పట్టక నేలంతా పారింది. నా బూట్లు తడిసిపోయాయి. ఆ కంపుకి తట్టుకోలేక బామ్మర్ది కళ్లు నీళ్లు పెట్టుకుని మెట్ల దాకా వెనక్కి పోయాడు. నేనూ ఆవిడా మాత్రం ఏమీ కానట్టు నడుమ నిలబడి, చీపుళ్లతో తోసేశాం.

"మొండి జలుబండీ," అంది ఆవిడ తోస్తూ. "ఇంకో రెండ్రోజుల్లో వచ్చేస్తుంది లెండి, ఎప్పుడూ..." అంటూ నన్ను చూసి ఆగింది.

పైకొచ్చి వీధిలో నిలబడ్డాం. ఇంకా ఎండ ఉంది. లాడ్జికి ఎటు వెళ్లాలో ఇద్దరికీ తెలుసు, ఇద్దరం కదల్లేదు.

"ఇంటికెళ్లాక నువ్వే కాయరా," అన్నాను. "నేను పోస్తాను."

వద్దంటాడని ఆగాను. ముక్కు రేపో మాపో వస్తుంది బావా, తొందరేముంది అంటాడని. ఇన్ని నెలలు అంతంత కష్టపడి దాచినవాడు, ఈ ఒక్కసారి అనకపోతాడా అనుకున్నాను.

"సరే బావా," అన్నాడు.