కెమెరాలో పడని చెయ్యి

"ఆ రంగుల బొమ్మలు సూసుకుంటా కూసుంటే రొట్టెలు వాటంతటవే కాల్తాయా మే?" అంది మా అత్త ఉచ్చీరమ్మ.

నేను జొన్నరొట్టె తట్టాను. ఆమె బొమ్మలంటున్నవి, చిప్పులో కరెంటును వదిలే, ఆపే ట్రాన్సిస్టరును నిలువునా కోస్తే లోపల ఎలా ఉంటుందో కంప్యూటరు లెక్కగట్టి చూపే చిత్రాలు. విద్యుత్ ఒత్తిడి ఎక్కువున్న చోట ఎరుపు, లేని చోట నీలం. మౌస్ చక్రం తిప్పితే దగ్గరికొస్తుంది. ఒక గీత గీస్తే ఆ గీత పొడవునా ఉన్న విలువలన్నీ పక్కన గ్రాఫుగా లేస్తాయి. మూడేళ్లుగా ఆ రంగుల్లోనే తిరుగుతున్నాను. ఎమ్మిగనూరుకు కోడలిగా వచ్చి ఆరేళ్లయినా ఇక్కడి వీధులు నాకంత బాగా తెలియవు.

పని నాది. పీహెచ్‌డీ మా ఆయన మంజునాథ్‌ది. ఆదోని దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్తాడు. నేనూ అక్కడే చెప్పేదాన్ని, నేనూ పీహెచ్‌డీలో చేరాను. పాప పుట్టాక రెండూ మాన్పించాడు. "ఇంట్లో ముందు ఒకరిది కానీ. నాది అయిపోతానే నీది మళ్లా రిజిస్టర్ చేయిస్తా" అన్నాడు. మధ్యలో ఎప్పుడడిగినా, "అడిగిందే అడుగుతావేమే" అని విసుక్కునేవాడు.

ఈ రోజు పదకొండు గంటలకు ఆన్‌లైన్లో ఆఖరి సమీక్ష. ఆయనకు ఆ సాఫ్ట్‌వేర్ నడపడం రాదు. ఒకసారి కాలేజీలో అందరి ముందూ జూమ్ చేయబోయి ట్రాన్సిస్టరునే తెర బయటికి తోసేశాడు. వెతికితే దొరకలేదట. అప్పటినుంచి సమీక్ష ఉన్నప్పుడల్లా నేను చిన్న పీట వేసుకుని, కెమెరాలో పడకుండా ఆయన కుర్చీ పక్కన కూర్చుంటాను. మాటలు ఆయనవి. మౌస్ మీద చెయ్యి నాది.

ట్రాన్సిస్టరును ఆపేశాక కూడా లోపల కారే కరెంటు ఈ డిజైనులో వందో వంతుకు తగ్గిందని ఆయన థీసిస్‌లో రాసుకున్నాడు. పోయిన వారం నేను మళ్లీ సరిగ్గా నడిపి చూస్తే తగ్గలేదు. మామూలు స్కేలులో గీత నేలకు అంటుకుని సున్నాలాగే కనిపిస్తుంది. లాగ్ స్కేలులో, అంటే మెట్టుకు పదింతల చొప్పున చూస్తే, అది సున్నా కాదని తెలిసిపోతుంది. ఆయనకు చూపించాను.

"లాగ్ పెట్టాకు," అన్నాడు.

"వాళ్లు అడుగుతారు."

"అడిగితే సిస్టం హ్యాంగయిందంటా. నువ్వు మాత్రం మౌస్ కదిలియ్యాకు. నీది మళ్లా రిజిస్టర్ కావల్లా వద్దా?"

సమీక్ష మొదలైంది. కమిటీలో పెద్దాయన, "గేటు అంచు దగ్గరికి వెళ్లండి," అన్నారు. ట్రాన్సిస్టరులో కరెంటును ఆపే భాగమే గేటు; దాని అంచుకు వెళ్లాను. "అక్కడ అడ్డంగా ఒక గీత." గీశాను.

"చాలా చక్కగా నడుపుతున్నారే!"

"అలవాటు సార్," అన్నాడు మా ఆయన.

"ఇప్పుడా కరెంటు గ్రాఫును లాగ్ స్కేలులో పెట్టండి."

మా ఆయన మోకాలు నా భుజాన్ని నొక్కింది. "సార్, సిస్టం కొంచెం హ్యాంగ్ అయినట్టుంది..."

చెయ్యి కదిలించకుంటే చాలు. ఆయనకు పట్టా వస్తుంది, ఆ తర్వాత నా వంతు వస్తుంది. వస్తే నేను మొదలుపెట్టాల్సింది ఎక్కణ్నుంచి? ఆయన థీసిస్ చెప్పే ఈ సున్నా దగ్గర్నుంచే. ఇంకో మూడేళ్లు ఇదే గేటు అంచు చుట్టూ తిరుగుతూ, ఇక్కడ ఏమీ కారడం లేదని నా చేత్తో నేనే రాయాలి. కారుతోందని కళ్లారా చూసి కూడా రాయాలి. ఆయన మోకాలు ఇంకా గట్టిగా నొక్కుతోంది.

లాగ్ స్కేలు మీద నొక్కాను. గీత నేల విడిచి పైకి లేచింది.

"ఇదేమిటి మంజునాథ్? లీకేజీ తగ్గలేదే?"

"సార్... ఈ ప్లాట్లు మా మిసెస్ వేసింది సార్. ఇంట్లో ఊరికే కూర్చోనుంటాది కదా అని ఇచ్చినా. ఏదో తప్పు చేసినట్టుంది."

మూడేళ్లలో నా ఊసు ఎత్తడం అదే మొదలు. పీట మీంచి లేచాను. తెర మూలనున్న చిన్న గడిలో ఆయన ముఖం పక్కన నా ముఖం కనిపించింది.

"తప్పు కాదు సార్. నాలుగుసార్లు నడిపి చూసినాను. ఆ అంచు దగ్గర్నే కారుతాంది."

"మీరెవరమ్మా?"

"వసంత. ఇవన్నీ చేసింది నేనే సార్."

వాళ్లు ఏమనేవారో తెలియలేదు. మా ఆయన ల్యాప్‌టాప్ మూత వేసేశాడు.

"ఏమైందిరా?" అని అత్త గుమ్మంలోకి వచ్చింది.

"కొంప ముంచింది," అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండానే, నెమ్మదిగా, "ఇంక నీ రిజిస్ట్రేషన్ మాట నన్ను అడగాకు," అన్నాడు.

పీహెచ్‌డీలో చేరే దరఖాస్తు మీద ఉండాల్సిన సంతకం నాది. ఆయనది ఎప్పుడూ కాదు.

"అడగను," అన్నాను.