రేవుకు తాళం

రేపల్లెలో నూతినీళ్లతో పప్పు ఉడకదు. ఉప్పునీళ్లు. పొద్దున్నే పొయ్యిమీద పెట్టిన కందిపప్పు మధ్యాహ్నానికి కూడా గింజకు గింజ విడివిడిగా మన మొహంలోకి చూస్తూ ఉంటుంది. ఈ సంగతి ఆ ఊళ్లో పొయ్యి రాజేసిన ప్రతి ఆడదానికీ తెలుసు. మంగతాయారుకు మరీ తెలుసు. ఆవిడది పూటకూళ్ల ఇల్లు. భర్త పోయాక పాతికేళ్లుగా అదే ఆధారం. ధాన్యం బేరానికి వచ్చినవాళ్లూ, తెనాలి రైలు దిగి పల్లెల బస్సు కోసం కాచుకున్నవాళ్లూ, పెళ్లికాని మేష్టర్లు ముగ్గురూ ఆవిడ ముద్దపప్పు కోసమే ఆ గుమ్మం తొక్కేవారు. పెరటి తలుపు తీస్తే పది అడుగుల్లో కాలువ రేవు, ఏడు రాతిమెట్లు. తెల్లారకముందే నాలుగు బిందెలు తెచ్చుకుని, ఇండుపగింజ అరగదీసి నీళ్లు తేర్చుకుంటే ఆ రోజు గడిచినట్టే.

అరవై ఎనిమిది వేసవిలో ఆ రేవు మీద లక్ష్మీనారాయణ కన్ను పడింది.

ఆయనకు రెండు రైసుమిల్లులు. ముందటేడు మైసూరు వెళ్లి బృందావనం తోట చూసొచ్చాడు. చూసినవాడు చూసి ఊరుకోవచ్చు కదా. వచ్చింది మొదలు రేపల్లెలో ఏది కనపడ్డా ముక్కు చిట్లించడమే. కాలువగట్టు సుందర సంఘం అని ఒకటి పెట్టాడు. ఆయన మాటకు తలలూపడానికి అందులో పదకొండుమంది. వాళ్లలో ఒక్కడూ జన్మలో బిందె చంకన పెట్టిన పాపాన పోలేదు.

ఏప్రిల్లో పైనుంచి కాలువకు నీళ్లు కట్టేశారు. ఊరంతా మంచినీళ్ల చెరువు మీద పడింది. ఆ సందు చూసుకుని సంఘం పని మొదలుపెట్టింది. రాతిమెట్లు పెళ్లగించి, గట్టంతా సిమెంటు మెత్తి, బంతిమొక్కలు నాటి, చుట్టూ ఇనపకంచె వేశారు. తోటమాలి రావడానికి చిన్న గేటు, దానికి తాళం. పక్కన పలక: "నీళ్లు ముంచరాదు." కాలువ మధ్యకు సిమెంటు హంస ఒకటి. దాన్ని చేసిన తెనాలి శిల్పి, పాపం, బుద్ధిమంతుడు. నీళ్లు ఎంతెత్తుకు వస్తాయండి అని అడిగాడట. అడుగున ఇంకకుండా మిగిలిన మడుగు చూపించి, ఇంతేనయ్యా అన్నారట పదకొండుమందీ. కాలువ ఒడ్డునే పుట్టి, కాలువలోనే ఈత నేర్చినవాళ్లు.

జూన్‌లో నీళ్లు వదిలారు. నాలుగో రోజుకు హంస ముక్కు ఒక్కటే పైకి కనపడింది.

మంగతాయారుకు హంసతో పని లేదు. నీళ్లు కళ్లెదురుగా పారుతున్నాయి, చెయ్యి పెట్టడానికి లేదు. చెరువు వేసవికే అడుగంటింది. ఇంకో రేవు అరమైలు దూరం; మోకాళ్ల నొప్పితో రెండు బిందెలు తెచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. మిగతాది నూతినీళ్లతోనే. పది రోజుల్లో ధాన్యం బేరగాళ్లు మానేశారు. ఆఖరికి సాంబశివరావు మేష్టరు కూడా చెయ్యి కడుక్కుంటూ, "ఏమనుకోకండి పిన్నిగారూ, పప్పు పంటికి తగులుతోందండి. రేపట్నుంచి స్టేషను దగ్గర చూసుకుంటాను" అన్నాడు. ఇంకో నెల ఇలా సాగితే పొయ్యి ఆర్పేసుకోవడమే.

ఆ వారంలోనే లక్ష్మీనారాయణ వచ్చాడు. వెనక ఆరుగురు సభ్యులు.

"మంగతాయారుగారూ, ఆదివారం ప్రారంభోత్సవం. బాపట్ల నుంచి రిటైరైన జడ్జిగారు నరసింహారావుగారు వస్తున్నారు. మీ పప్పు సంగతి విన్నారట, అది తప్ప ఇంకేమీ వద్దన్నారు. ముప్పైమందికి భోజనాలు."

"అలాగే నాయనా. శనివారం గేటు తీయించు, నాలుగు బిందెలు ముంచుకుంటాను."

లక్ష్మీనారాయణ నవ్వాడు. "అదెలా కుదురుద్దండీ? ఇవాళ మీరు దిగితే రేపు బజారంతా దిగుద్ది. మొక్కలన్నీ తొక్కేస్తారు. జడ్జిగారు వచ్చేటప్పటికి గట్టు అద్దంలా ఉండాలి."

"పప్పు ఉడకొద్దూ?"

"ఒక్క పూట కదండీ. నూతినీళ్లతో కానీండి. మీ చేతిలో పడితే రాళ్లైనా ఉడుకుతాయి."

ఆరుగురూ నవ్వారు. మంగతాయారు వాళ్లను ఎగాదిగా చూసింది. ఆరు ఇస్త్రీ చొక్కాలు, ఆరు చేతిగడియారాలు.

"అలాగేలే, నూతినీళ్లతోనే వండుతాను. నేను చెప్పలేదనకు."

ఆదివారం జడ్జిగారు రిబ్బను కత్తిరించి, హంస ఏదని అడిగారు. ముక్కు చూపించారు. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, భోజనానికి నడిచారు.

మంగతాయారు ఏ లోపమూ చేయలేదు. తెల్లవారుజామున మూడున్నరకే పొయ్యి వెలిగించింది, పప్పుగుత్తితో చేతులు పడిపోయేలా ఎనిపింది. విస్తళ్లలో వడ్డించి, నెయ్యి వేసి, పక్కన నిలబడింది. జడ్జిగారు ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. పటపటమని చప్పుడు. ఇటు లక్ష్మీనారాయణ నోట్లో పటపట, అటు సభ్యుల నోళ్లలో పటపట. ముప్పైమంది పెద్దమనుషులు పేలాలు నములుతున్నట్టు ఉంది. మజ్జిగ పోసుకుంటే అదీ ఉప్పగానే ఉంది.

"ఏమ్మా," అన్నారు జడ్జిగారు, "మీ పప్పు వెన్నలా ఉంటుందని చెప్పారే?"

"ఉండేదండి. కాలువనీళ్లతో."

"మరి కాలువ పక్కనే ఉందిగా?"

"చూడ్డానికండి. ముంచుకోడానికి కాదు. పలక మీద రాశారుగా."

జడ్జిగారు లక్ష్మీనారాయణ వైపు తిరిగారు. "ఊరికి నీళ్లిచ్చే కాలువకు తాళం వేసి, దాన్ని ప్రారంభించడానికి బాపట్ల నుంచి నన్ను పిలిపించారా?"

పదకొండుమందిలో తల ఎత్తినవాడు లేడు. నెలల తరబడి ఊపిన తలలే అవి.

మర్నాడు గేటు కాపలా ఇస్సాకు తాళంచెవి తెచ్చాడు. "అయ్యగారు ఇమ్మన్నారమ్మా. తెల్లారకముందే ముంచుకోమన్నారు. మీరొక్కరేనంట. ఎవరికీ చెప్పొద్దన్నారు."

"పెద్దమనిషికి సిగ్గు కూడా చాటుమాటునే కావాలన్నమాట" అంది మంగతాయారు. తాళంచెవి తీసుకుని వీధి అరుగు మీదికి వచ్చింది. దూలానికున్న మేకుకు, దారిన పోయేవాళ్లందరికీ కనపడేలా తగిలించింది. "ఇస్సాకూ, మీ ఆవిడతో చెప్పు, బిందె తెచ్చుకోమని. పక్కింటి కొండయ్య ఇంట్లో వాళ్లకూ చెప్పు. బంతిమొక్కలు తొక్కకుండా నడవమను, పాపం, అవేం చేశాయి."

ఇస్సాకు నవ్వు దాచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు చీకటి విడవకముందే అరుగు దగ్గర గాజుల చప్పుడైంది. పట్టుచీర కొంగు తలమీదికి లాక్కుని, చేతిలో ఇత్తడిబిందెతో ఝాన్సీలక్ష్మి నిలబడి ఉంది. లక్ష్మీనారాయణ భార్య.

"బండివాడు తెచ్చే నీళ్లన్నీ బురదేనండి పిన్నిగారూ. నెలరోజులయింది మా ఇంట్లో కూడా పప్పు తిని. ఆయనతో అనకండేం."

"నేనెందుకంటాను తల్లీ. మేకుకుంది, తీసుకో. గేటు తీసేవుంచు, వెనకాల ఇంకా చాలామంది వస్తున్నారు."