సత్యప్రియ పేర వచ్చిన అంకెలు

ఏడో నెలలో శ్రీమంతం చేసి సత్యప్రియని పుట్టింటికి పంపించేటప్పుడు అత్తగారు చిట్టెమ్మగారు అన్నీ సర్దారు. చలిమిడి, చీరలు, మందులు, ఆఖరికి తలగడ కూడా. ఒక్క బీపీ పెట్టె మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

మొదటి కాన్పు బీపీ వల్లే ఆరో నెలలో పోయింది. ఈసారీ అయిదో నెలకే పెరగడం మొదలుపెట్టేసరికి ప్రభుత్వం వాళ్ళు ఇంటికే ఆ పెట్టె ఇచ్చారు. పొద్దున్నే చేతికి పట్టీ చుట్టుకుని మీట నొక్కితే అంకెలు వాటంతటవే అమలాపురం వెళ్ళిపోతాయి. అక్కడ నర్సులు చూస్తారు. ఎక్కువుంటే ఫోను చేస్తారు, మరీ ఎక్కువైతే అంబులెన్సు పంపుతారు. ఈ బిడ్డని దక్కించుకోవడానికి సత్యప్రియకి దొరికిన ధైర్యమంతా ఆ పెట్టెలోనే ఉంది.

రోజూ పట్టీ చుట్టేది చిట్టెమ్మగారే. కొడుకు సుభాష్ మస్కట్‌లో ఉంటాడు కనక అత్తాకోడళ్ళే ఒకరికొకరు. మొదటి బిడ్డ పోయినప్పుడు కోడలి తల ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా ఏడ్చిన మనిషి ఆవిడ. కన్నతల్లిని ఎంత నమ్మిందో అంతకు రెండింతలు నమ్మింది సత్యప్రియ ఆవిడని. అదే కదా కొంప ముంచింది.

"పెట్టె ఈ ఊరి పేరున ఉందమ్మా, మండలం దాటించకూడదు," అంది ఆశా కార్యకర్త విజయకుమారి. "మీ పుట్టింటి దగ్గర ఇంకోటి ఇస్తారు. నీ పేరు నేను అటు మారుస్తాను."

"నేను దగ్గరుండి మార్పిస్తాను కదా, నువ్వు బెంగెట్టుకోకు," అన్నారు చిట్టెమ్మగారు.

పుట్టిల్లు ఆలమూరు అవతల. అక్కడి ఆశా కార్యకర్త ఫోన్లో మూడుసార్లు వెతికి, "మీ పేరు ఇంకా అత్తగారి ఊళ్ళోనే చూపిస్తోందండి. అక్కడ తీస్తే గానీ ఇక్కడ పడదు," అంది. సత్యప్రియ వెంటనే అత్తగారికి ఫోను చేసింది.

"ఆయ్, చెప్పేనమ్మా. రేపో ఎల్లుండో మారుద్దంట."

ఆ రేపు మూడు వారాలైనా రాలేదు. రోజూ అడిగేది, రోజూ అదే మాట. సర్కారు పని ఎక్కడైనా ఇంతేగా అనుకుంది పిచ్చిపిల్ల. మాత్రలు మానకుండా మింగుతూ ఎదురుచూసింది.

నాలుగో వారంలో తలనొప్పి పట్టుకుంది. కాళ్ళు పొంగి చెప్పులు పట్టలేదు. "పద, డాక్టరు దగ్గరికి పోదాం," అని తల్లి రామలక్ష్మి పోరింది. సత్యప్రియ ముందు పెట్టెతో ఇచ్చిన కార్డు మీదున్న అమలాపురం నంబరుకి ఫోను చేసింది. అవతల సుస్మిత అనే నర్సు పేరు, కార్డు నంబరు అడిగి చూసింది.

"మీ బీపీ బావుందండి. నూట పద్దెనిమిది, డెబ్బై ఆరు. నిద్ర చాలక తలనొప్పి వచ్చుంటుంది, రెస్ట్ తీసుకోండి."

ఆ అంకెలు ఎప్పటివని అడగాలని తోచలేదు. ఎలా తోస్తుంది చెప్పండి? అమలాపురంలో కూర్చున్న నర్సు లెక్క చూసి మరీ చెప్పింది. గుండెల మీద బరువు దిగినట్టయి, తల్లిని ఇంక ఆసుపత్రి మాటే ఎత్తనివ్వలేదు. అలా రెండు రోజులు పోయాయి. మూడోనాడు పొద్దున్న ఎదురుగా ఉన్న తల్లి ముఖం రెండుగా కనిపించింది. రామలక్ష్మి ఇంక కూతురి మాట వినలేదు, ఆటోలో వేసి తీసుకుపోయింది.

ఆసుపత్రిలో చూస్తే నూట తొంభై, నూట ఇరవై. గంటలో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, కేజీ మూడొందలు. అద్దాల గదిలో, ఒళ్ళంతా తీగలతో పెట్టారు. బతుకుతుందని ఎవరూ చెప్పలేదు.

మర్నాడు డాక్టరు వాణి మంచం దగ్గరికి వచ్చింది, చేతిలో ట్యాబు పట్టుకుని. "రోజూ ఆరున్నరకల్లా మీ రీడింగ్ వచ్చిందమ్మా. నిన్న, మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చిన రోజు పొద్దున్న కూడా వచ్చింది. అన్నీ నార్మలే. ఎవరి చెయ్యమ్మా ఇది?"

పెట్టె ఎవరింట్లో ఉందో సత్యప్రియకి తెలుసు.

మధ్యాహ్నం చిట్టెమ్మగారు ఫ్లాస్కు పట్టుకుని వచ్చారు. అడగగానే ఒప్పేసుకున్నారు.

"పేరు మారాలంటే నెల పడుద్దంది విజయకుమారి. ఈలోగా అంకెలు రాకపోతే నీ పేరు కొట్టేస్తారంది. కొట్టేస్తే అంబులెన్సు రాదు, కాన్పుకి పెద్దాసుపత్రిలో చేర్చుకోరంది. నీ పేరు నిలబెడదామని నా చేతికి కట్టుకున్నానమ్మా."

విజయకుమారి ఎందుకు చెప్పిందో వేరే చెప్పాలా? నెలనెలా మీటింగులో చూస్తే, అంకెలు రాని రోజు ఒక్కటి కూడా లేని ఊరు ఆవిడదేనట. చప్పట్లు కూడా కొట్టారట.

"రోజూ అడిగేను కదండి. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే భయపడతావని. నీకు బీపీ పెరుగుద్దని."

"నా బీపీ పెరుగుద్దని నా బీపీయే దాచేసేరా, అత్తయ్యగారూ?"

చిట్టెమ్మగారు చెయ్యి పట్టుకోబోతే సత్యప్రియ దుప్పటి లోపలికి లాక్కుంది. "విజయకుమారిగారు పరాయి మనిషండి, ఆవిణ్ణి ఏమీ అనను. మిమ్మల్ని నమ్మేను నేను. ఫోన్లో మీ గొంతు విని నిద్రపోయేదాన్ని."

ఆవిడ ఏడుస్తూ కూర్చున్నారు. సత్యప్రియకి జాలి కలగలేదు. కలగనందుకు బాధా కలగలేదు. ఫ్లాస్కు మూత తియ్యకుండానే ఉండిపోయింది.

సాయంత్రం చక్రాల కుర్చీలో అద్దాల గదికి తీసుకెళ్ళారు. పాప తలవైపు తెర మీద ఆకుపచ్చ అంకెలు కదులుతున్నాయి.

"అన్నీ బావున్నాయమ్మా. ఆక్సిజన్ తొంభై అయిదు. మీరెళ్ళి పడుకోండి," అంది అక్కడి నర్సు.

సత్యప్రియ కదల్లేదు. పక్క అద్దాల పెట్టెల్లో ఇంకా నలుగురు పిల్లలున్నారు, అన్నీ ఒకలాంటి తీగలే.

"ఆ తీగ మా పాపకే ఉందాండి?"

నర్సు కోప్పడలేదు. గుడ్డ పక్కకి తీసి, తీగ చివర దీపానికి ఎర్రగా వెలుగుతున్న చిన్న పాదం చూపించింది.

"మీ పాపకేనమ్మా. చూడండి."

సత్యప్రియ పాదం చూసింది, తీగ చూసింది, చూపు తీగ వెంట తెర దాకా వెళ్ళి మళ్ళీ పాదం దాకా వచ్చింది. మంచం మీదికి చేర్చాక పావుగంట ఉండి, మళ్ళీ తీసుకెళ్ళమని తల్లిని అడిగింది.